వాలు మీద ఫైరింజన్

ఎనభైల్లో దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ దాకా ఎటు చూసినా కొత్త ఇళ్ళే లేస్తుండేవి. మా ఫైర్ స్టేషన్ మాత్రం ముందూ వెనకా తెరిచుండే రేకుల షెడ్డులో, ఒకే ఒక్క ఫైరింజన్‌తో ఉండేది. దానికి డ్రైవర్ని నేను. సర్కారు దగ్గర డబ్బుల్లేవని అన్నిటికీ కోతే. ఖాళీలు నింపరు, సామాను ఇవ్వరు. ఇళ్ళు పెరుగుతుంటే మమ్మల్ని తగ్గించడమేమిటని నాకు రోజూ ఒళ్ళు మండేది. ఎవరి మీద అరవాలో తెలియక బండి మీద అరిచేవాణ్ని.

ఆ బండికి బ్యాటరీ చచ్చి చాలా రోజులైంది. కొత్తదానికి పెట్టిన కాగితం ఏ బల్ల మీద నిద్రపోతోందో తెలీదు. అందుకని షెడ్డు పక్కనున్న వాలు మీద, ముక్కు రోడ్డు వైపు పెట్టి, చక్రం కింద చెక్క అడ్డం వేసి ఉంచేవాళ్ళం. గంట మోగితే చెక్క లాగడం, బండి దొర్లగానే గేరు వేసి క్లచ్ వదలడం. ఒక్కోసారి మొండికేసేది. అప్పుడు ఎదురుగా బస్టాపులో ఉన్నవాళ్ళు వచ్చి తోసేవాళ్ళు. పిలవనక్కర్లేదు. గంట వినపడితే చాలు, చేతుల్లోని టిఫిన్ క్యారియర్లు స్టాపు పక్కన కూచునే అరటిపళ్ళామెకు అప్పగించి పరుగెత్తుకొచ్చేవాళ్ళు. బస్సు తప్పిపోయినా ఒక్కరూ సణిగేవాళ్ళు కాదు.

ఒక పొద్దున పెద్దాఫీసు నుంచి తనిఖీకి సారు వస్తున్నారని కబురు. బండి పనికిరాదని ఆయన రాస్తే స్టేషన్ మూసేస్తారు. ఈ కాలనీలన్నిటికీ ఇంజన్ ఇక దూరాన మలక్‌పేట నుంచి రావాలి. బ్యాటరీ మాటెత్తొద్దని మా స్టేషన్ ఆఫీసరు అందరి చేతా ఒట్టు వేయించుకున్నాడు. నేను ముందే బండిని వాలు మీద దొర్లించి స్టార్టు చేసి, ఏమీ ఎరగనట్టు సీట్లో కూచున్నాను.

సారు వస్తూనే, రూలు ప్రకారం బండి షెడ్డులో ఉండాలన్నారు. పెట్టాను.

"డీజిల్ దండుగ. బంద్ చెయ్," అన్నారు.

మా ఆఫీసరు రేకుల వంక చూశాడు. ఆపాను.

పావుగంటైనా కాలేదు, ఒక మేస్త్రీ సైకిల్ మీద రొప్పుతూ వచ్చాడు. రెండు వీధుల అవతల కడుతున్న ఇంట్లో సెంట్రింగ్ కర్రలు అంటుకున్నాయట, పక్కనే కూలీల గుడిసెలట. గంట కొట్టారు. తాళం తిప్పాను. టక్ అంది, అంతే. మళ్ళీ తిప్పితే మళ్ళీ టక్. సారు నా మొహంలోకే చూస్తున్నారు. మా పని అయిపోయిందనుకున్నాను.

అంతలో వెనకాల చెప్పుల చప్పుడు. బస్టాపు బస్టాపంతా వచ్చేసింది. గుంటూరు వైపు నుంచి వచ్చి ఇక్కడ ఇల్లు కట్టుకున్న లెక్కల మాస్టారు అందరినీ వరసగా నిలబెడుతున్నారు. అడ్డంగా నిలబడ్డ సారును అరటిపళ్ళామె మోచెయ్యి పట్టి పక్కకు లాగింది.

"ఏంది సారూ, సూస్కుంట నిలబడ్డవ్? జర నువ్వు గూడ ఓ చెయ్యెయ్యి."

ఆయన వేశారు. ఇస్త్రీ చొక్కాతో సహా అద్దంలో నాకు కనపడ్డారు. బండి రోడ్డెక్కి గుర్రుమంది.

గుడిసెలకు అంటుకోకముందే ఆర్పేశాం. తిరిగొచ్చేసరికి సారు బస్టాపులో కూచుని అరటిపండు తింటున్నారు. అరచేతులు నల్లగా ఉన్నాయి. నేను బండిని తిన్నగా వాలు మీదే పెట్టాను. ఆయన రూలు మాటెత్తకుండా, స్టేషన్‌లో ఎంతమంది ఉన్నారని అడిగారు. ఏడుగురమన్నాను.

"ఏడుగురేందయ్యా? ముప్ఫై మంది ఉన్నరు. నేను చూసిన కద," అన్నారు.

స్టేషన్ నిలబడింది. నెల తిరక్కుండా కొత్త బ్యాటరీ కూడా వచ్చింది. ఆ తర్వాత మొదటి గంట మోగినప్పుడు తాళం తిప్పీ తిప్పగానే ఇంజన్ అందుకుంది. సంతోషం పట్టలేక ఈల వేస్తూ రోడ్డెక్కి అద్దంలోకి చూశాను. బస్టాపు వాళ్ళు సగం దూరం పరుగెత్తుకొచ్చి, చాపిన చేతులు చాపినట్టే ఉంచి ఆగిపోయి ఉన్నారు. మాస్టారి క్యారియర్ అప్పటికే అరటిపళ్ళామె ఒళ్ళో ఉంది. అంత మంచి బ్యాటరీ మీద నాకు చచ్చేంత కోపం వచ్చింది.