తపాలా బిళ్ళంత ముఖం

దక్షిణాఫ్రికాలో అందరికీ ఓటు హక్కు వచ్చిన మరుసటి ఏడాది మావారి ఉద్యోగం కోసం డర్బన్ వెళ్ళాం. ఊసుపోక గ్రీన్‌వుడ్ పార్క్ అనే పేటలో సూక్ష్మచిత్రాలు నేర్పే శనివారం క్లాసులో చేరాను. నా పక్కన కూర్చునే పెద్దావిడ పూర్వీకులు చెరకు తోటల పనికి వచ్చిన తెలుగువాళ్ళు. అందరిలాగే నేనూ ఆంటీ అనేదాన్ని. సన్నటి కుంచెతో గీత గీస్తున్నంతసేపూ ఊపిరి బిగబట్టేది. గీత పూర్తవగానే "అయిపోనాది" అంటూ వదిలేది.

మౌంట్ ఎడ్జ్‌కోంబ్ చక్కెర మిల్లు కూలీల బారక్సులో, తన చిన్నతనంలోనే పోయిన తల్లి ముఖం వెయ్యాలని ఆవిడ కోరిక. ఫోటో లేదు. తపాలా బిళ్ళంత కాగితం మీద నెలల తరబడి వేసి, చివర్లో కళ్ళు దిద్ది, చూపించడానికి వాళ్ళ అక్కను క్లాసుకు తీసుకొచ్చింది.

అక్క కళ్ళజోడు పెట్టుకుని చాలాసేపు చూసింది. "అమ్మ కాదిది. నువ్వే."

"ప్రాపర్‌గా చూడక్కా. అమ్మ ఎలాగుండీది?"

అక్క బొమ్మనూ చెల్లెలి ముఖాన్నీ మార్చి మార్చి చూసింది. "మొకం మరిసిపోయాను. నీలాగే ఉండీదేమో."

ఆంటీ మరి దిద్దలేదు. ఆ బొమ్మను దేవుడి పటాల పక్కన పెట్టుకుంది. బతికున్న మనిషి బొమ్మకు దీపమేమిటని అక్క ఎంత గొణిగినా, రోజూ పెట్టేది.