మిరప టిక్కీల్లో మినిట్స్ పుస్తకం

ఒట్టు. కాటా మీద చెయ్యేసి చెబుతున్నాను, కింద రాసిన ప్రతి మాటా నిజం. నన్నెరిగిన గుంటూరు వాళ్లు ఇప్పటికే నవ్వుతుంటారు. నవ్వనివ్వండి. ఈ సంగతి జరిగిన మూడు రోజులూ నాకు మాత్రం నవ్వు రాలేదు.

మిర్చి వ్యాపారుల సంఘంలో ఇరవై ఏళ్లుగా గుమాస్తాను. సంఘం పాత కాగితాలన్నీ నా అధీనంలోనే ఉంటాయి. మిర్చి యార్డు పుట్టకముందు బజారు ఎక్కడ జరిగేదో, ఏ ఊరి బండ్లు ఏ వీధిలో ఆగేవో, హమాలీలు ఎందుకు పని ఆపేశారో, అన్నీ వాటిలో ఉన్నాయి. చదివే ఓపికే ఎవరికీ లేదు. అందుకని సంఘం స్వర్ణోత్సవాల సావనీర్ వేసినప్పుడు చరిత్ర రాసే పని నాకప్పగించారు. రాశాను. నిజం చప్పగా తోచిన చోట కాస్త కారం చల్లాను.

అలా చల్లిన చోట ఒక గుర్రం ఉంది. సంఘం తొలి అధ్యక్షుడు తెల్ల గుర్రమెక్కి బయల్దేరాడనీ, అది అలిసి ఆగిన చోటిదాకా ఉన్న నేలంతా మిరపకాయల తొడిమలు తీసే ఆడవాళ్లకు ఇళ్ల కోసం ఇచ్చేశాడనీ రాశాను. అందరికీ నచ్చింది. ఇప్పటి అధ్యక్షుడు ఆయన మనవడే. తాతగారిని గుర్రం మీద కూర్చోబెట్టి బొమ్మ గీయించి, సంఘం హాల్లో తగిలించాడు కూడా.

మొన్న మే నెలలో మురుగు కాలువ వెడల్పు చేస్తామంటూ ఆ ఆడవాళ్ల వీధిలో ఒక ఇంటికి నోటీసు అంటించారు. ఆ రెండు గదుల ఇల్లు డెబ్బై దాటిన ఒక పెద్దమ్మది. అత్తగారి తర్వాత అందులో ఆమే ఉంటోంది. ఇల్లు తనదని ఆధారం చూపిస్తే వేరేచోట స్థలమిస్తారు. లేకపోతే ఆక్రమణే. గడువు శుక్రవారం సాయంత్రం అయిదింటిదాకా. పెద్దమ్మ దగ్గర పట్టా లేదు. ఉన్నదల్లా నా సావనీర్. గుర్రం ఉన్న పేజీ జిరాక్సు తీయించి అర్జీకి జతచేసింది.

బుధవారం తహసీల్దారు ఆఫీసుకు తోడు రమ్మంటే వెళ్లాను. తహసీల్దారు మేడమ్ ఆ కాగితం చదివి కళ్లజోడు తీసింది.

“గుర్రం ఆగిన చోటుకి సర్వే నంబరుందా?”

గదిలో వాళ్లు నవ్వారు. పెద్దమ్మ నవ్వలేదు. “అచ్చులో పడింది కదమ్మా” అంది.

“అచ్చులో పడినవన్నీ రికార్డులు కావమ్మా. సంఘం అసలు తీర్మానం తీసుకురండి. అది లేకపోతే నేనేం చెయ్యలేను.”

బయటికొచ్చాక పెద్దమ్మ నా చొక్కా పట్టుకోలేదు గానీ అంత పనీ చేసింది. “ఏవయ్యా గుమాస్తా, ఆ గుర్రం ఉందా లేదా?”

“గుర్రం సంగతి వదిలెయ్ పెద్దమ్మా. తీర్మానం ఉంది. నా కళ్లతో చూశాను.”

“నీ కళ్లు చూడనిది ఏవుంది? మొసలి మీదెక్కి కృష్ణ దాటానని మా వీధి పిల్లలకి చెప్పింది నువ్వు కాదూ?”

“అది వేరు.”

“నా కొంప కూడా వేరేనా?”

తీర్మానం ఉన్న మాట నిజమే. అదెక్కడ దాచానో అప్పుడు గుర్తొచ్చింది.

పోయిన వానాకాలం రికార్డుల గది పైకప్పు కారింది. గోడ వెంట చెద పాకింది. అప్పుడు నాకొక ఆలోచన తట్టింది. కోల్డ్ స్టోరేజీలో తేమ ఉండదు, చెద రాదు. కానీ వాళ్లు తీసుకునేది మిర్చి, కాగితాలు కాదు. అందుకని తీర్మానాలు రాసే మినిట్స్ పుస్తకంతో సహా పాత పుస్తకాలన్నిటినీ నాలుగు టిక్కీల్లో వేశాను. మా దగ్గర మిర్చి బస్తాను టిక్కీ అంటాం. చుట్టూ ఎండు మిరపకాయలు కూరి, మూతులు కుట్టించి, ఎరిగిన వ్యాపారి లాటులో కలిపి పంపించాను. గుంటూరులో పుట్టినవాడికి ఇంతకంటే భద్రమైన చోటు ఏం తోస్తుంది? లోపల పుస్తకాలున్నాయని ఆ వ్యాపారితో సహా ఎవరికీ చెప్పలేదు. నా తెలివికి నేనే మురిసిపోయాను.

గురువారమంతా ఆ వ్యాపారి ఫోను ఎత్తలేదు. శుక్రవారం పొద్దున నేరుగా కోల్డ్ స్టోరేజీకే బయల్దేరాను. నా మీద నమ్మకం లేక పెద్దమ్మ కూడా ఆటో ఎక్కి కూర్చుంది. మేం చేరేసరికి పదకొండున్నర. సూపర్‌వైజరు రిజిస్టరు తిప్పి, ఒక గీత మీద వేలు పెట్టాడు.

“ఈ లాటు పొద్దున్నే డెలివరీ అయిపోయిందండీ. కారం మిల్లుకి.”

“మిల్లులో పోసేసుంటారా?”

“ఈపాటికి పొడి కూడా అయ్యుంటదండీ. ఏం, కాయలు మీవా?”

ఊరి చరిత్రంతా కారమై, ప్యాకెట్లకెక్కి, ఎవరింట్లోనో వంకాయ కూరలో పడుతున్నట్టు కళ్లముందు కనబడింది. పెద్దమ్మ నా మొహంలోకి చూస్తోంది. “ఏవంటున్నాడు?” అంది. నేను రిజిస్టరు నావైపు తిప్పుకుని ఆ గీత మళ్లీ చదివాను. “ఏవంటున్నాడయ్యా?” అని మళ్లీ అడిగింది, ఈసారి మెల్లగా.

అప్పుడే సరుకుండే చలి చాంబరు తలుపు తెరుచుకుని హమాలీలు బయటికొచ్చారు. బయట నిప్పులు చెరిగే ఎండ, వాళ్ల తలల చుట్టూ కంబళ్లు. వాళ్ల మేస్త్రీ మా మాటలు విన్నట్టున్నాడు, దగ్గరికొచ్చాడు.

“నాలుగు టిక్కీలేనా గుమాస్తా గారూ? మూలలు గట్టిగా ఉంటయ్యి?”

“అవే! నీకెట్లా తెలుసు?”

“దించిన రోజే తెలిసింది. మిరపకాయైతే వీపు మీద ఒదుగుద్ది. అయ్యి ఒదగలా, పొడిచినయ్యి. గంజాయనుకున్నాం.”

“మరి ఎవరికీ చెప్పలేదే?”

“చెబితే ముందు మమ్మల్నే తీసకపోతారు. పై అంతస్తులో వెనక మూలకి నెట్టాం. పొద్దున లోడులో కూడా ఎయ్యలా. మిల్లు కాడ పట్టుకుంటే, మోసిందెవరంటే మా పేర్లేగా చెప్పేది?”

మిల్లు వాళ్లకు నాలుగు టిక్కీలు తక్కువ వచ్చాయని వ్యాపారి తర్వాత నన్ను తిట్టిన తిట్లు ఇక్కడ రాయను. అప్పటికి మాత్రం ఆ మేస్త్రీ కాళ్లకు దండం పెట్టాలనిపించింది. కానీ ఆ మూలకు అడ్డంగా వేరే వాళ్ల సరుకు ఒకదాని మీదొకటి నిట్టలు కట్టి ఉంది. అదంతా జరిపి, నాలుగింటినీ కిందికి దించేసరికి మూడు దాటింది. ఒక్కొక్కదాని కుట్లు విప్పుతుంటే ఘాటుకు దగ్గులు, తుమ్ములు, కళ్లలో నీళ్లు. కాయలు నేల మీద గుట్టపడ్డాయి. పెద్దమ్మ గుట్ట పక్కనే కూలబడి, చూపు నా చేతుల మీద నుంచి తిప్పకుండానే, కాయ తర్వాత కాయ తొడిమ తీస్తూ పోయింది. ఆ సంగతి ఆమెకు తెలిసినట్టు లేదు. మినిట్స్ పుస్తకం మూడో టిక్కీలో దొరికింది.

ఆఫీసుకు చేరేసరికి నాలుగున్నర. సంఘం తరఫున మాట్లాడమని మేడమ్ ఫోను చేసి పిలిపించిందట, మా అధ్యక్షుడు కూడా వచ్చి కూర్చున్నాడు. మేడమ్ పుస్తకం తెరిచి మూడుసార్లు తుమ్మింది. తర్వాత చదివింది. స్థలాలిచ్చిన తీర్మానం ఉంది. పుచ్చుకున్న ఆడవాళ్ల పేర్లున్నాయి. అందులో పెద్దమ్మ అత్తగారి పేరు, పక్కన వేలిముద్ర.

ఆ కిందే ఇంకో వాక్యముంది. తొలి అధ్యక్షుడు ఈ తీర్మానాన్ని వ్యతిరేకించాడనీ, మిగతా సభ్యులు ఆయన మాట తోసేసి నెగ్గించారనీ. సావనీర్ రాసిననాడే ఆ వాక్యం చదివాను. చదివి మరీ ఆయన్నే గుర్రమెక్కించాను.

మనవడి మొహం మాడిపోయింది. “ఈ పుస్తకంలో ఏదో పొరపాటుందండీ. మా తాతగారు అలాంటివారు కాదు. చెప్పవయ్యా, సావనీరేగా సరైంది?” అన్నాడు నావైపు తిరిగి.

“ఒకే సంఘం, రెండు కథలు” అంది మేడమ్. “సావనీర్ నిజమైతే ఈ పుస్తకం నేను తీసుకోలేను. రికార్డులు చూసే మనిషి మీరే. మీరే చెప్పాలి.”

అయిదుకు పది నిమిషాలుంది. నేను లేచి నిలబడ్డాను. అధ్యక్షుడి కళ్లలోకి సూటిగా చూస్తూ, “గుర్రాన్ని పుట్టించింది నేను. ఈ పుస్తకమే నిజం” అన్నాను.

ఇక్కడ కాటా మీద నుంచి చెయ్యి తియ్యాలి. ఇంతసేపూ రాసిన దాంట్లో నేను కల్పించింది ఆ లేచి నిలబడడమొక్కటే. నేను లేవలేదు. ఈ వయసులో ఉద్యోగం పోతే ఇంకెవరిస్తారనుకుంటూ నేల చూపులు చూస్తూ కూర్చున్నాను. లేచింది పెద్దమ్మ.

“గుర్రం ఈయన కోసిన కోత అమ్మా. తెలీక నా అర్జీలో పెట్టాను. ఆ కాగితం చింపి పారెయ్. మా అత్త ఏలు మాత్రం అబద్ధం కాదు. ఆ బొటనేలికి అడ్డంగా కొడవలి గాటుండేది, చూడు.”

మేడమ్ వంగి చూసింది. ముద్ర మధ్యలో అడ్డంగా తెల్లటి గీత. చాలాసేపు చూసి, ఒక తెల్లకాగితం నా ముందుకు జరిపింది. “మీరేమంటారో రాసివ్వండి.”

అధ్యక్షుడు కుర్చీ వెనక్కి నెట్టి బయటికి నడిచాడు. పెద్దమ్మ చెప్పిందే నిజమని రాసి సంతకం పెట్టాను. మేడమ్ అర్జీ మీద ‘ఆధారం సరిపోయింది’ అని రాసేసరికి అయిదుకు రెండు నిమిషాలు. సంతకం పెడుతుంటే నా చెయ్యి వణికిందని పెద్దమ్మ ఇప్పటికీ అందరికీ చెబుతోందట. అది నిజం.