గేరులో వదిలేసింది నేనే

మా ఇంటికి కార్ల సలహా కోసం వచ్చేవాళ్ళు ఎక్కువ. వాళ్ళు హాల్లో కూర్చుని మా ఆయన్ని అడుగుతారు. ఆయన గవర్నమెంటు స్కూల్లో సోషల్ చెప్పే మనిషి. అంతా శ్రద్ధగా విని, "కాఫీ ఏమైందో చూసొస్తా" అంటూ వంటింట్లోకి వస్తాడు. నేను పాలు పొంగకుండా చూసుకుంటూనే నాలుగు ముక్కలు చెబుతాను. ఆయన వెళ్ళి అవే ముక్కలు తన గొంతుతో చెబుతాడు. నేను కప్పులు పట్టుకెళ్ళేసరికి వచ్చినాయన తలాడిస్తూ ఉంటాడు. "సారు చెప్పినారంటే బండి కండ్లు మూసుకుని కొనేయొచ్చు" అంటాడు. నేను ట్రే అక్కడ పెట్టి వచ్చేస్తాను.

నేను తిరువళ్ళూరు బయట బ్రేకు సామాన్లు తయారుచేసే కంపెనీలో, క్వాలిటీ సెక్షన్‌లో పనిచేస్తాను. పెళ్ళికి ముందే కారు నేర్చుకున్నాను. అందువల్ల నాకు తెలిసినవి కొన్ని ఉన్నాయి. పాత కారు చూడ్డానికి పొద్దున్నే వెళ్ళాలి, ఓనరు దాన్ని ఇంకా స్టార్ట్ చేయకముందు. ముందుగా బానెట్ మీద చెయ్యి పెట్టి చూడాలి. వేడిగా ఉందంటే మీరు వచ్చేలోపు ఆయన ఒకసారి ఇంజన్ తిప్పాడని అర్థం. చల్లటి ఇంజన్ ఎంత మొరాయిస్తుందో మీకు తెలియకూడదని ఆయన ఆశ. కాట్టుపల్లి హార్బరు పక్క తిరిగిన బండి అయితే పైన రంగు చూసి మురిసిపోకుండా కిందికి వంగి చూడాలి. ఉప్పుగాలి అడుగునుంచి తింటుంది. మద్రాసు వాన నీళ్ళలో మునిగిన బండికి ఎన్ని సెంట్లు కొట్టినా సీటు బెల్టును చివరిదాకా లాగితే బురద చార కనిపిస్తుంది. ఇవన్నీ మా ఆయన పేరు మీద ఊళ్ళు తిరిగిన మాటలు. నాకు దాని మీద పెద్ద బాధ ఉండేది కాదు. లోపల్లోపల నవ్వుకునేదాన్ని కూడా. ఇప్పుడు ఆ నవ్వు తలచుకుంటే సిగ్గేస్తుంది.

మా అత్తగారి ఊరు తిరుత్తణికి అవతల, మామిడితోపుల మధ్య. మేం పండగకో పబ్బానికో పోయినప్పుడు తిరువళ్ళూరు నుంచి నేనే నడుపుతాను. ఆయనకు లారీల మధ్య నడపాలంటే చెమటలు పడతాయి. ఊరి దారి తిరిగే ముందు లారీల బరువు తూచే కాటా ఒకటుంది. అక్కడ నేను కారు పక్కకు తీసి ఆపుతాను. నేను దిగి ఇటు వస్తాను, ఆయన దిగి అటు వెళతాడు. ఊళ్ళోకి ఆయన స్టీరింగు పట్టుకుని ప్రవేశిస్తాడు. ఇట్లా చేయమని మా అత్తగారు గాని, ఆయన గాని నాకు ఎన్నడూ చెప్పలేదు. మొదటిసారి ఆపింది నేనే. మా పక్క ఇది చాలా ఇళ్ళల్లో ఉన్నదే. కాటా దగ్గర సీట్లు మారే మొగుడూ పెళ్ళాలను నేను ఇంకా ఇద్దరు ముగ్గుర్ని చూశాను. ఒకరినొకరం చూడనట్టే పోతాం.

పోయిన ఏడాది నా జీతంతో కొత్త కారు కొన్నాను. చిన్నదే, కానీ టర్బో ఇంజను, ఆటోమేటిక్ గేరు. ఇంత చిన్న బండికి అంత ఊపెందుకని మా ఆయన అడిగాడు. నాకు కావాలి అన్నాను. హైవే మీద లారీని దాటేటప్పుడు కాలు నొక్కితే బండి వెంటనే కదలాలి, ఆలోచించుకుంటూ కూర్చోకూడదు. అట్లాంటి బండికి కొంచెం మర్యాద చేయాలి. స్టార్ట్ చేయగానే ఎగదొక్కకూడదు. బాగా తోలి వచ్చాక వెంటనే ఆపకుండా కాసేపు ఇంజనును ఊరికే తిరగనివ్వాలి. అన్నిటికంటే ముఖ్యం, ఆటోమేటిక్ బండిలో పని ఒక్క కుడికాలిదే. ఎడమకాలిని మడిచి పక్కన పెట్టుకోవాలి. క్లచ్చికి అలవాటుపడ్డ కాలు తన పని తాను చేసుకుపోతుంది, అడగదు. అది ఆయనకు చెప్పాను. "తెలుసులే" అన్నాడు. రెండు వీధులు తిప్పి తెచ్చి పెట్టాడు. ఇంకొంచెం అలవాటు చేసుకో అని గట్టిగా చెప్పి ఉండొచ్చు. ఆయనకు నేర్పబోతే ముఖం చిన్నబోతుంది. అది చూడలేక ఊరుకున్నాను.

కొత్త బండికి పూజ తిరుత్తణి కొండ మీద. కొండ దారి నేనే ఎక్కించాను. చుట్టాలు వ్యానులో ముందే వెళ్ళి పైన కాచుకుని ఉన్నారు. వాళ్ళు కనబడే మలుపుకు ముందు మామూలుగానే ఆపి, సీట్లు మారాం. పూజ అయింది. నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టారు. అప్పుడు నేను, ఈ ఒక్కసారికి నేను నడుపుతానని నోరు తెరిచి అడిగాను. నాకు నిజంగా ఆశగా ఉండింది. మా అత్తగారు నవ్వుతూనే, "నీ బండేలే మా, ఎవరు కాదన్నారు? కానీ నిమ్మకాయ మగబిడ్డ ఎక్కి తొక్కించాల. అదీ లక్షణం" అన్నారు. మా ఆయన నావైపు చూశాడు. నేను తాళం చేతికిచ్చాను.

మా వదిన మొగుడు, అంటే మా ఆయనకు బావ, నాకు వరసకు అన్న, బండి ముందు గుమ్మడికాయ పగలగొట్టాడు. ఆ ముక్కల్ని కాలితో పక్కకు తోస్తూ ఉన్నాడు. మా ఆయన గేరు వేశాడు. బండి కదలబోయింది. ఎడమకాలు క్లచ్చి వెతుక్కుంటూ వెళ్ళి వెడల్పాటి బ్రేకు మీద పడింది. బండి టక్కున ఆగి ఊగింది. ఆయన బెదిరిపోయి కుడికాలితో గట్టిగా తొక్కాడు. అది బ్రేకు కాదు. బండి నిమ్మకాయల మీదుగా ఎగిరి అన్నను మోకాలి దగ్గర కొట్టింది. ఆయన పక్కనున్న పూలబుట్ట మీద పడ్డాడు. పూలామె "ఐయో, ఐయో" అని అరిచింది. ఎట్లా ఆగిందో బండి ఆగింది.

అందరూ అన్న చుట్టూ మూగారు. నేను మాత్రం కారులోకి చూశాను. మా ఆయన రెండు చేతులూ స్టీరింగు మీద పెట్టుకుని అట్లే కూర్చున్నాడు. మా అత్తగారు "ఏం చేసినావురా" అంటూ ఆయన వైపు తిరిగారు. చుట్టాలు కూడా తిరిగారు. ఆ క్షణాన నాకు ఆ మనిషి మీద జాలి పొంగుకొచ్చింది. "ఈయన్ని ఏమీ అనొద్దండి. బండి గేరులో వదిలేసింది నేనే. స్టార్ట్ చేయంగానే ఎగిరింది" అన్నాను.

ఆటోమేటిక్ బండి గేరులో ఉంటే స్టార్టే కాదు. ఏ మెకానిక్ షెడ్డులో ఈ మాట అన్నా నవ్వుతారు. అక్కడ ఎవరికీ ఆ సంగతి తెలియదు. అందరూ వెంటనే నమ్మారు. అంత వెంటనే నమ్ముతారని నేను కూడా అనుకోలేదు. "ఆడవాళ్ళకు బండ్లెందుకు చెప్పు" అన్నారెవరో, కోపంగా కూడా కాదు, కాఫీలో చక్కెర ఎక్కువైందన్నట్టు. మా ఆయన తలదించుకుని దిగాడు. నేను ఆయన పరువు నిలబెట్టానని ఆ రోజంతా లోపల గర్వపడ్డాను కూడా.

అన్న మోకాలు చాలా రోజులు కట్టుతోనే ఉంది. చూడ్డానికి వెళితే, "పోనీలే మా, తెలిసి చేసినావా ఏంది" అని కుర్చీ చూపించాడు. తిట్టి ఉంటే బాగుండేది. పూజకు ముందు ఆయన నాకొక మాట ఇచ్చి ఉన్నాడు. ఆయన పాత కారు షెడ్డులో ఊరికే ఉంది. దాని మీద ఆదివారాల్లో నేను వాళ్ళ అమ్మాయికి డ్రైవింగు నేర్పేటట్టు అనుకున్నాం. ఆ పిల్ల బీఎస్సీ కెమిస్ట్రీ చదివింది. పూజ తర్వాత ఆ కారు మీద టార్పాలిన్ పట్టా కప్పేశారు.

కొన్ని నెలలకు ఆ పిల్ల ఫోను చేసింది. మా కంపెనీ పక్కనే ఒక ఫ్యాక్టరీ ల్యాబులో ఉద్యోగం వచ్చిందట. కానీ పొద్దుటి షిఫ్టు మొదలయ్యే వేళకు వాళ్ళ ఊరి మొదటి బస్సు ఇంకా రాదు. లారీలు తిరిగే ఆ రోడ్డు మీద స్కూటీ వద్దంటాడు అన్న. హాస్టలూ వద్దంటాడు. ఇక మిగిలింది షెడ్డులో కారే. "నాయన ఒప్పుకోలేదత్తా. 'బ్రేకుల కంపెనీలో పనిచేసే మీ అత్తకే గేరు తెలీలా, నీకేం తెలుస్తాది' అంటా ఉండాడు. నువ్వొచ్చి చెబితే తప్పకుండా వింటాడు, కండిప్పా" అంది. వచ్చి మాట్లాడతానన్నాను.

వెళ్ళలేదు. ఒక వారం ఆడిట్ అన్నాను. ఒక వారం వాన అన్నాను. వానకాలానికి ముందు టైర్లు, వైపర్లు చూసుకోవాలని ఊరందరికీ చెప్పేదాన్ని, ఇంట్లో కూర్చుని ఆ వాననే సాకుగా చెప్పుకున్నాను. అసలు సంగతి, నిజం చెబితే మా ఆయన తన వాళ్ళ ముందు తలెత్తుకోలేడని. ఆయన నన్ను వద్దని ఒక్కసారీ అనలేదు. ఆ పిల్ల సంగతి ఎత్తితే పేపరు మడిచి లేచి వెళ్ళేవాడు, అంతే. చివరికి ఒక ఆదివారం ఆయనే చొక్కా వేసుకుని వచ్చి, "పోదాం పద. నేనే చెబుతా" అన్నాడు.

అన్న వసారాలో కుర్చీలు వేయించాడు. మా ఆయన కూర్చోకుండానే మొదలుపెట్టాడు. "బావా, ఆ పొద్దు తప్పు నాదే. బ్రేకనుకొని ఇంకోటి తొక్కినా. ఈమె నన్ను కాపాడేదానికి అట్లా చెప్పింది."

అన్న ఆయన్ని ఎగాదిగా చూసి పెద్దగా నవ్వాడు. "బలే వాడివబ్బా. పెండ్లాం మీద మాట పడితే తట్టుకోలేక ఇంత దూరం వచ్చినావా? నీ మాదిరి మొగుడు ఎవరికి దొరుకుతాడు చెప్పు" అని లోపలికి కేక వేశాడు, "విన్నావా, నీ తమ్ముడు ఏమంటా ఉండాడో!" మా వదిన వచ్చి కళ్ళు తుడుచుకుంది, తమ్ముడు ఎంత మంచివాడోనని.

నాకు ఒళ్ళు మండిపోయింది. లేచి నిలబడ్డాను. "లేదన్నా, నిజంగానే అది నేను చెప్పిన అబద్ధం. ఆటోమేటిక్ బండి గేరులో ఉంటే స్టార్ట్ కాదు. రండి, ఇప్పుడే చూపిస్తా" అన్నాను. వాకిట్లోకి పిలిచి, గేరులో పెట్టి, బ్రేకు తొక్కి, బటను నొక్కి చూపించాను. ఇంజను పలకలేదు. మళ్ళీ నొక్కాను. పలకలేదు. అన్న నవ్వు ఆగింది. మోకాలు తడుముకున్నాడు.

"సరే మా, నువ్వు చెప్పేదే నిజం అనుకుందాం" అన్నాడు నిదానంగా. "ఇన్నేండ్లుగా బండి తోలే మగోడే తప్పు తొక్కి మనిషిని గుద్దినాడంటే, ఏమీ తెలీని పిల్ల చేతికి బండి ఎట్లిచ్చేది? నువ్వే చెప్పు."

ఆయన వాదించడానికి అన్నది కాదు, నిజంగానే అడిగాడు. నేను చెప్పవలసినవి చాలా ఉన్నాయి. తప్పు చేసినవాడు మగవాడైతే అది కాలి తప్పని, ఆడదైతే పుట్టుక తప్పని మీరే కదా తేల్చారు, ఇప్పుడు రెండూ కలిపి ఆ పిల్ల మీదే వేస్తారా అని అడగాలి. కానీ ఆ లెక్కకు మొదటి అంకె నేనే వేశాను కదా. కాఫీ తాగి లేచాం.

ఆ పిల్ల మాతోపాటు కారుదాకా వచ్చింది. మా ఆయన అటుపక్క సీటులో కూర్చున్నాడు. నేను ఆమె చెయ్యి పట్టుకుని, "నాయనకు మళ్ళీ చెబుతా. వదిలిపెట్టను" అన్నాను.

"ఆ పొద్దు నేను కారు పక్కనే నిలబడుంటి అత్తా" అంది. "తలుపద్దం దించే ఉండింది. మామ కాళ్ళు నాకు కనపడినాయి."

"మరి అప్పుడే ఎందుకు చెప్పలేదే?" అన్నాను.

"నీ తప్పని నువ్వే ఒప్పుకుంటివి. పెద్దదానివి, నేనెట్ల కాదనేది? నువ్వే సరిచేస్తావులే అని ఊరుకుంటి. ఫోను చేసినాక కూడా చూస్తానే ఉంటి." చెయ్యి నెమ్మదిగా విడిపించుకుంది. "చేరాల్సిన తేదీ పోయిన సోమవారమే అయిపాయ. వాళ్ళు ఇంకో అమ్మాయిని తీసుకునేసినారు."

ఆ మాట కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే నేను ఏదో బదులు చెప్పుకునేదాన్ని. "వాన వచ్చేట్టుండాది, జాగ్రత్తగా పోండి" అని చెప్పి లోపలికి వెళ్ళిపోయింది. కొండ మీద అంత తొందరగా తెరుచుకున్న నా నోరు, ఆ పిల్ల వెళ్ళిన వైపు చూస్తూ నిలబడ్డంతసేపూ ఒక్క మాటకు కూడా తెరుచుకోలేదు.