నాన్న డిస్కు, నేను ఇచ్చేసిన మిషను

నాన్న పోయిన పదకొండో రోజు, ఆయన వాడిన వస్తువేదీ ఇంట్లో ఉండకూడదని పట్టుబట్టింది నేనే. మంచం, తోరణగల్లు ఫ్యాక్టరీకి వేసుకెళ్లిన బూట్లు, ఇంట్లో తీసిన వీడియోలను డిస్కుకెక్కించే మిషను, అన్నీ పాత సామాన్ల బండికెక్కించాను.

"మిషనన్నా ఉండనీప్పా" అంది అమ్మ. కసురుకున్నాను. ఆ మిషన్లో నాన్న తన మాటలు రికార్డు చేసిన డిస్కు ఒక్కటే దాచాను.

సంవత్సరీకానికి కొత్త ప్లేయరు కొని, చుట్టాలందరి ముందు ఆ డిస్కు పెట్టాను. తెర మీద బొమ్మ రాలేదు. మర్నాడు బళ్లారి తీసుకెళితే, రిపేరు షాపాయన రెండు ప్లేయర్లలో వేసి చూసి తిరిగిచ్చాడు.

"రికార్డు చేసినాక చివర్లో ఫైనలైజ్ అని నొక్కి డిస్కును ముగించాలప్పా, మీ నాయన చేయలేదు. ఇప్పుడిది ఆ పాత మిషన్లో తప్ప కొత్తవాట్లో ఆడదు. ఆ మిషను యాడుండాది?"

నేను డిస్కు సంచిలో పెట్టుకుని బయటికొచ్చేశాను.

ఇంట్లో అమ్మ టీవీ ముందే కూర్చుని ఉంది. "ఏమన్నాడప్పా?"

"నాన్న సరిగ్గా రికార్డు చేయలేదంటమ్మా."

"ఆయప్ప ఏ పని పూర్తిగా చేసినాడులే" అంటూ లేచి వెళ్లింది.

మిషను సంగతి నేనెత్తలేదు.