ట్రైలర్ చూసే మొహాలు

కాడుగోడి రైల్వే స్టేషనుకు నాలుగు సందుల అవతల ఉన్న టాకీసులో మునిలక్ష్మమ్మ ఇరవై రెండేళ్లుగా గేటు దగ్గర పనిచేస్తోంది. టికెట్టు చించి సగం చేతికివ్వడం, ఆలస్యంగా వచ్చినవాళ్లకు టార్చిలైటు వేసి సీటు చూపించడం, చంటిపిల్లల తల్లుల్ని తలుపు పక్క వరుసలో కూర్చోబెట్టడం ఆమె పని. లైట్లు ఆరాక తెర పక్కనున్న తలుపుకు ఆనుకుని నిలబడుతుంది. అక్కణ్నుంచి సినిమా సరిగ్గా కనిపించదు. జనం మాత్రం మొదటి వరుస నుంచి చివరి వరుస దాకా కనిపిస్తారు. తెర మీద వెలుతురు మారినప్పుడల్లా ఆరువందల మొహాలు ఒకేసారి తెల్లబడి, మళ్లీ చీకటిలోకి పోతాయి. కొత్తలో అది చూసి భయపడేది. తర్వాత అలవాటయింది. ఆ తర్వాత అదే ఇష్టమైంది.

ఆమె తాత పుంగనూరు వైపు నుంచి రాళ్లు కొట్టే పనికి ఇక్కడికి వచ్చాడు. మునిలక్ష్మమ్మ పుట్టింది కాడుగోడిలోనే. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడ, టాకీసులో ఏ సినిమా ఆడితే ఆ భాష. భర్త తిరుపాలు వడ్రంగి. వైట్‌ఫీల్డు అపార్టుమెంట్లలో అల్మారాలు బిగిస్తాడు.

ఆమెకు ఒక పాత తప్పు గుర్తుంది. పన్నెండేళ్ల కిందట ఒక సినిమా ట్రైలర్ వేశారు. అందులో అన్నీ నవ్వులే. జనం పొట్టలు పట్టుకున్నారు. ఆ సినిమా వచ్చిన రోజు ఒక పెద్దాయన మనవరాళ్లను వెంటబెట్టుకుని వచ్చి, "పిల్లలతో చూడొచ్చా అమ్మా?" అని అడిగాడు. "పోండి సార్, నవ్వు తప్ప ఇంకేం లేదు" అని ఆమె భరోసా ఇచ్చి పంపింది. సినిమాలో మొదటి పావుగంట మాత్రమే నవ్వులు. మిగతాదంతా ఆసుపత్రి, ఏడుపు, చావు. ఇంటర్వెల్‌లోనే ఆ పెద్దాయన బయటికి వచ్చేశాడు. చిన్న మనవరాలు వెక్కిళ్లు పెడుతోంది. ఆయన గట్టిగా అరవలేదు. "నీ మాట నమ్మి వచ్చినానమ్మా" అని మాత్రం అన్నాడు. ఆమె తలెత్తలేకపోయింది. అంతకు ముందు వారం వారం వచ్చే ఆ మనిషి ఆ టాకీసుకు మళ్లీ రాలేదు.

ఆ రోజు నుంచి మునిలక్ష్మమ్మ ట్రైలర్లను వేరే లెక్కన చూడటం మొదలుపెట్టింది. ఏ బొమ్మ దగ్గర జనం నమలడం ఆపుతున్నారు, ఏ బొమ్మ దగ్గర చెయ్యి జేబులోని ఫోను మీదికి పోతోంది, ట్రైలర్ అయిపోయాక పక్కవాడితో ఏమంటున్నారు, సినిమా వచ్చాక ఎవరు వచ్చారు, వచ్చినవాళ్లు ఏ మొహంతో బయటికి పోయారు. అన్నీ ఆమె మనసులో ఉండేవి. మేనేజరు మునినారాయణప్ప మొదట్లో నవ్వేవాడు. కొన్నాళ్లకు, కొత్త సినిమా ఎన్ని రోజులు వెయ్యాలో తేల్చుకోలేనప్పుడు గేటు దగ్గరికి వచ్చి, "ఏం లక్ష్మమ్మా, ట్రైలరుకు జనం ఎట్లుండారు?" అని అడగటం మొదలుపెట్టాడు.

పోయిన వేసవిలో ఒక శనివారం మ్యాట్నీకి ఫర్హానా వచ్చింది. ముప్పై రెండేళ్ల పిల్ల. సొంతూరు ప్రొద్దుటూరు. ఎనిమిదేళ్లు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసి, దాన్ని వదిలేసి, ఇక్కడికి దగ్గర్లోని వర్తూరులో ఒక సినిమా తీసింది. భర్త చెప్పాపెట్టకుండా ఎటో పోతే, అతని నీళ్ల ట్యాంకర్‌ను భార్య నడపడం నేర్చుకుని బతుకు నిలబెట్టుకున్న కథ. పేరు 'వర్తూరు ట్యాంకర్'. ఆ సినిమా ట్రైలర్‌ను ఇంటర్వెల్‌లో వేయడానికి మునినారాయణప్ప ఒప్పుకున్నాడు. జనం ఎలా చూస్తారోనని ఫర్హానా వచ్చి తలుపు దగ్గర, మునిలక్ష్మమ్మ పక్కనే నిలబడింది.

రెండున్నర నిమిషాల ట్రైలర్. డప్పులు మోగాయి. ఆకాశం నుంచి తీసిన చెరువు కనిపించింది. ట్యాంకర్ గాల్లోకి లేచింది. ఎవరో ఎవరినో కొట్టారు. పెద్ద పెద్ద అక్షరాలు మంటల్లోంచి వచ్చాయి. చివర్లో భర్త తిరిగొచ్చి భార్య కాళ్ల దగ్గర కూర్చున్నాడు. సగం మంది సమోసాలకు లేచి వెళ్లిపోయారు. కూర్చున్నవాళ్లలో ఎక్కువమంది ఫోన్లు తీశారు.

ఫర్హానా గోడకు ఆనుకుని కళ్లు మూసుకుంది.

"ఏమ్మా, ఒళ్లు బాగాలేదా?" అంది మునిలక్ష్మమ్మ.

"అది నా సినిమా అక్కా. ఎవ్వరూ చూడలేదు."

"చూసినారు. ఒక చోట చూసినారు."

ఫర్హానా కళ్లు తెరిచింది. "ఎక్కడ?"

"ఆయమ్మ లారీ ఎక్కి కూర్చుంటాది చూడు, కాలు క్లచ్చికి అందదు. వీపు వెనక దిండు పెట్టుకుంటాది. అప్పుడు ఆ మూడో వరసలో పసుపు చీరామె తినేది ఆపేసింది. ఇంకో నలుగురు ముందుకు వంగినారు. అంతలోనే నువ్వు దాన్ని తీసేసి లారీని గాల్లోకి లేపినావు. అందరూ వెనక్కి ఆనుకున్నారు."

"ఆ షాట్ రెండు సెకన్లు కూడా లేదు!"

"అదే నేను చెప్పేది. ఇంకొంచేపు ఉండనియ్యాల్సింది." ఆమె గొంతు తగ్గించలేదు, పెంచలేదు. "ఇంకో మాట. నీ సినిమాలో నిజంగా కొట్లాట ఉండాదా?"

"ఒక్కటే ఉంది. అదీ చిన్నది."

"మరి కొట్లాట సినిమా అని ఎందుకు చెప్పినావు? కొట్లాట కోసరం వచ్చినోడు బేజారు పడి పోతాడు. నీ సినిమా చూడాల్సినోళ్లు అసలు రారు. రెండు రకాలుగానూ నష్టం నీకే."

ఫర్హానా గోడను వదిలి ఆమె వైపు తిరిగింది. తర్వాత, "అక్కా, మీకు సెలవెప్పుడు?" అని అడిగింది.

ఆమెకు సెలవు సోమవారం. ఆ సోమవారం పొద్దున పదింటికి ఫర్హానా స్కూటర్ మీద మునిలక్ష్మమ్మను నవీన్ గదికి తీసుకెళ్లింది. ఆ ట్రైలర్ కత్తిరించింది నవీనే. అప్పటికి అరవై సినిమాలకు ట్రైలర్లు చేసిన మనిషి. టాకీసు గేటు దగ్గర పనిచేసే ఆమె వచ్చిందనగానే అతని మొహం ముడుచుకుంది. కానీ మర్యాదస్తుడు. కుర్చీ వేసి కాఫీ తెప్పించాడు.

"మేడమ్, మొదటి ఐదు సెకన్లలో ఏదో పేలకపోతే జనం తోసేసి తర్వాతి వీడియోకు పోతారు. నా దగ్గర లెక్కలున్నాయి" అన్నాడు.

"అది ఫోనులో అప్పా. నువ్వు చెప్పింది నిజమే అయ్యుంటాది. మా టాకీసులో వేలుతో తోసేదానికి ఏముంది? వాళ్లు డబ్బిచ్చి వచ్చి కూర్చున్నారు. వాళ్లను బెదిరించే పనిలేదు, పిలిస్తే చాలు."

"ఎట్లా పిలవాలి?"

"ముందు సినిమా చూపించు. చూడకుండా నేనెట్ల చెప్పేది?"

సినిమా మొత్తం చూపించారు. రెండు గంటలు ఆమె కదల్లేదు. రెండుసార్లు గట్టిగా నవ్వింది, ఒకసారి కొంగుతో కళ్లు తుడుచుకుంది. అయిపోయాక చెప్పడం మొదలుపెట్టింది. ఎక్కడా తడుముకోలేదు.

"దిండు పెట్టుకునేది ముందు రావాల. ఆయమ్మ ఎవరో, ఏం చెయ్యబోతాదో ఆ ఒక్క దాంట్లో తెలిసిపోతాది. ఆ తరవాత అపార్టుమెంటు వాచ్‌మన్ 'డ్రైవర్ ఎక్కడ?' అని అడుగుతాడే, ఆయమ్మ 'నేనే' అంటాది. అది. జనం నవ్వుతారు. నవ్వినాక ఆయమ్మ మనది అయిపోతాది."

"భర్త తిరిగొచ్చే సీను?" అన్నాడు నవీన్. "అదే కదా ఎమోషన్. అది లేకపోతే ఆడవాళ్లు రారు."

"మొగుడు వస్తాడని నువ్వే చెప్పేస్తే ఇంక టికెట్టు ఎందుకప్పా కొనేది? వస్తాడా రాడా అని ఇంటికి పోయేటప్పుడు ఆలోచిస్తా పోవాల. అది తెలుసుకునేదానికే మళ్లీ వస్తారు."

ఫర్హానా నవ్వింది. నవీన్ నవ్వలేదు కానీ కీబోర్డు ముందుకు లాక్కున్నాడు.

సాయంత్రానికి కొత్త ట్రైలర్ తయారైంది. ఒక నిమిషం నలభై సెకన్లు. మునిలక్ష్మమ్మ మాట మీద డప్పులన్నీ తీసేశారు. మొదటి ఇరవై సెకన్లు ఏ శబ్దమూ లేదు. పాతదాని సెన్సారు కాగితం దీనికి పనికిరాదు, కొత్తది రాకుండా దాన్ని ఆటల్లో వెయ్యకూడదు. అందుకని ఒక ఉదయం, ఆట మొదలయ్యేలోపు, తెలిసినవాళ్లను పిలిచి చూపించాలనుకున్నారు. జనాన్ని తెచ్చే పని మునిలక్ష్మమ్మ తీసుకుంది. తన వీధిలోని ఆడవాళ్లు, ఆ రోజు పని దొరకని మేస్త్రీలు, చీరల కొట్టు అమ్మాయిలు, పూలమ్మే పెద్దక్క, అందరూ కలిసి డెబ్బైమంది. ఇంకో మూడు పాత ట్రైలర్లతో పాటు మధ్యలో దీన్ని పెట్టించింది. ఏది మనదో ఎవరికీ చెప్పొద్దని ఫర్హానా, నవీన్‌ల చేత ఒట్టు వేయించుకుంది. చెబితే మొహమాటానికి మెచ్చుకుంటారని ఆమెకు తెలుసు.

కొత్త ట్రైలర్ మొదలైంది. ఐదు సెకన్లు, పది సెకన్లు. వెనక వరుస నుంచి ఒక మేస్త్రీ ఈల వేశాడు. "సౌండు రాలేదప్పా, మెషిను చూడండి!" అని ఇంకొకడు కేకేశాడు. అందరూ వెనక్కి తిరిగి ప్రొజెక్టరు గది వైపు చూశారు. అదే సమయంలో తెర మీద దిండు వచ్చింది, పోయింది. చూసినవాళ్లు పదిమంది కూడా లేరు.

మునిలక్ష్మమ్మే నవీన్ దగ్గరికి నడిచింది.

"తప్పు నాదే. నేను మొహాలు చూస్తానే గానీ చెవుల సంగతి ఎప్పుడూ ఆలోచించలేదు. ఇంతసేపు శబ్దం లేకపోతే జనం తెరను వదిలేసి కారణం వెతుక్కుంటారు. చెవికి పనేదో నువ్వే చెప్పాల."

ఆ మాటతో నవీన్‌లో ఏదో సడలింది. "నీళ్లు" అన్నాడు. "ఖాళీ బిందెలో నీళ్లు పడే చప్పుడు. మొదట్లో గట్టిగా ఉంటుంది, బిందె నిండేకొద్దీ మారుతుంది కదా. ఆ చప్పుడు మీదే దిండు షాటు నడిపిద్దాం. బిందె నిండగానే ఇంజను స్టార్టవుతుంది."

మునిలక్ష్మమ్మ అతని చెయ్యి పట్టుకుంది. "ఇది నాకు తట్టేది కాదప్పా. చెయ్యి."

మరుసటి వారం మళ్లీ అదే పద్ధతిలో, ఈసారి వేరే జనాన్ని పిలిచారు. తెర నల్లగా ఉండగానే బిందెలో నీళ్లు పడే చప్పుడు మొదలైంది. వేసవి. వర్తూరు, కాడుగోడి వీధుల్లో ట్యాంకర్ కోసం తెల్లారి లేచి కాచుక్కూర్చునే మనుషులు వాళ్లంతా. ఆ చప్పుడుకు ఒక్కసారిగా తలలన్నీ లేచాయి. దిండు వచ్చింది. ఎవరూ కదల్లేదు. వాచ్‌మన్ "డ్రైవర్ ఎక్కడ?" అన్నాడు. "నేనే" అని ఆమె అన్నప్పుడు ఆడవాళ్ల వైపు నుంచి మొదలైన నవ్వు హాలంతా పాకింది. చివర్లో ఇంటి గుమ్మం ముందు ఒక జత మగ చెప్పులు కనిపించాయి. ఆమె ట్యాంకర్ దిగి వాటిని చూసి ఆగిపోయింది. అక్కడితో ట్రైలర్ అయిపోయింది.

"ఎవుర్దీ చెప్పులు? మొగుడిదేనా?" అని పెద్దక్క గట్టిగా అడిగింది. పక్కామె, "వాడిది అయ్యుండదులే" అంది. వాళ్లిద్దరూ దాని మీద వాదించుకుంటూ ఉంటే తర్వాతి ట్రైలర్ ఎవరికీ పట్టలేదు.

ఫర్హానా మునిలక్ష్మమ్మ భుజం మీద తల పెట్టి ఏడ్చేసింది. "ఊరుకోమ్మా, ఊరుకో" అంటూ ఆమె వీపు నిమిరింది. మునిలక్ష్మమ్మ కళ్లు మాత్రం ఇంకా జనం మీదే ఉన్నాయి. బయటికి వెళ్తూ ఒక ముసలామె గేటు దగ్గర ఆగి, "ఆ నీళ్ల లారీ సినిమా ఎప్పుడొస్తాది?" అని అడిగింది. అంతవరకు అణచుకున్న సంతోషం అప్పుడు మునిలక్ష్మమ్మ మొహంలో కనిపించింది.

సెన్సారు అయ్యాక ఆ ట్రైలర్ నెలరోజులు ఆడింది. సమోసాల అంగడివాడు ఇంటర్వెల్‌లో తన దగ్గరికి జనం ఆలస్యంగా వస్తున్నారని మునినారాయణప్పకు ఫిర్యాదు చేశాడు. సినిమా పెద్ద హిట్టేమీ కాదు. కాడుగోడిలో మూడు వారాలు, ఆనేకల్‌లో రెండు వారాలు ఆడింది. వచ్చినవాళ్లు మాత్రం ఇంటికి పోయి పక్కింటివాళ్లను పంపారు. మూడో వారంలోనూ ఆదివారం ఆటలు నిండాయి. ఏ మొహంతో బయటికి వస్తున్నారో చూడటానికి మునిలక్ష్మమ్మ ప్రతి ఆటకూ తలుపు తానే తీసింది. మోసపోయిన మొహం ఒక్కటీ కనిపించలేదు.

సినిమా చివర పేర్లలో ఫర్హానా ఆమె పేరు వేసింది. తిరుపాలు అది చూడటానికి రెండుసార్లు వచ్చాడు. రెండోసారి తనతోపాటు పనిచేసే వడ్రంగులందరినీ తీసుకొచ్చి, ఆ పేరు వచ్చేదాకా ఒక్కణ్నీ లేవనివ్వలేదు.

తర్వాత ఒక నిర్మాత నవీన్ ద్వారా కబురు పంపాడు. దెయ్యం సినిమా అన్నట్టు ట్రైలర్ చెయ్యాలి, సినిమాలో దెయ్యం లేదు. ఆమె సినిమా అంతా చూసి, "దెయ్యం లేకుండానే ఇది బాగుండాది సార్. అన్నదమ్ములు ఇల్లు పంచుకునే కథ. అదే చెప్పుకోండి. కాదంటే నన్ను వదిలేయండి" అంది. ఆయన వదిలేశాడు. ఆమె బాధపడలేదు.

ఇప్పుడు సోమవారాలు ఆమె నవీన్ గదికి పోతోంది. ఉద్యోగం మానలేదు. జనం మొహాలు కనిపించని చోట తనకేమీ తెలియదని ఆమె నమ్మకం. అక్కడ ఇద్దరూ బాగానే పోట్లాడుకుంటారు. కిందటి వారం ఒక పెళ్లి సినిమా ట్రైలర్‌కు మొదటి షాటు వంటవాళ్లతో పెట్టాలని ఆమె, పెళ్లికూతురితో పెట్టాలని అతను పట్టుబట్టారు. రెండూ చేసి జనానికి చూపించారు. నవీన్ గెలిచాడు. "చూసినారా అక్కా" అని అతను మురిసిపోతుంటే, "ఊ, పెళ్లికూతురే సరి. కానీ నగల మీదినుంచి కెమెరా తియ్యి. జనం చూసేది ఆ పిల్ల కళ్లు" అంది మునిలక్ష్మమ్మ, కుర్చీ ముందుకు జరుపుకుంటూ.