గేటు పడ్డాక కొన్న వెల్డింగ్ మిషన్

మా ఇంటి గేటు మా మామ కాలి మీద పడింది పొద్దున పది గంటలప్పుడు. నేను లోపల కుట్టుమిషన్ ముందు కూర్చుని పెళ్లివారి రవికలకు చేతులు అతుకుతున్నాను. ఇనుము నేలకు కొట్టుకున్న చప్పుడు వినిపించింది. ఆ తర్వాత ఏ చప్పుడూ లేదు. ఆ నిశ్శబ్దానికే భయపడి బయటికి పరుగెత్తాను. ఎడమవైపు రెక్క మొత్తం ఊడి ఆయన మీద పడి ఉంది. ఆయన అరవలేదు. "గేటు ఎత్తుమ్మా" అన్నాడు, అంతే.

మాది బళ్లారి జిల్లా తెక్కలకోట. మా ఆయన సండూరు గనుల దగ్గర లారీ నడుపుతాడు, వారానికి ఒకసారి ఇల్లు చేరితే ఎక్కువ. మిగతా రోజుల్లో ఇంట్లో నేనూ, మామా. డెబ్బై దాటినా వరిమళ్లలో గట్లు వేయడానికి కూలికి పోయే మనిషి ఆయన. మోకాలి కింద ఎముక రెండు ముక్కలైంది. బళ్లారిలో ఆపరేషన్ చేసి కడ్డీ వేశారు. డాక్టరు నడవొచ్చు అన్నాడు కానీ, గట్టు ఎక్కొచ్చు అనలేదు. మామ మళ్లీ మడికి పోలేదు.

ఆసుపత్రి నుంచి వచ్చిన రోజు నేను పడిపోయిన గేటును తిప్పి చూశాను. స్తంభానికీ రెక్కకూ మధ్య ఉండే ఇనుప కీలు ఊడిన చోట రంగు పెచ్చులు లేచి ఉంది. వేలితో గీకితే సుద్దలాంటిది రాలింది. లప్పం. గోడలకు పూసేది కాదు, కార్లకు సొట్టలు పూడ్చడానికి పెట్టే గట్టి రకం. దాని కింద కీలుకు రెండే రెండు టాకాలు, చుక్కల్లా పెట్టిన అతుకులు. కుట్టుపనిలోనూ మేం ఆ మాటే వాడతాం. అసలు కుట్టు వేసేముందు గుడ్డ జరగకుండా వేసేవి టాకాలు, తర్వాత ఊడదీసేవి. ఇక్కడ అసలు కుట్టే లేదు. రెండేళ్లు ఆ గేటు రెండు టాకాల మీద, లప్పం మీద నిలబడింది.

ఆ గేటు చేసినాయన షాపు బస్టాండు దగ్గర మెయిన్ రోడ్డు మీద ఉండేది. ఊళ్లో సగం గేట్లు ఆయనవే. ఊడిన కీలును కొంగులో చుట్టుకుని పోయాను. ఎదురుగా టీ అంగడి దగ్గర ఐదారుగురు మగవాళ్లు నిలబడి ఉన్నారు. జరిగింది చెప్పి కీలు ఆయన బల్ల మీద పెట్టాను. ఆయన దాన్ని చేతిలోకి కూడా తీసుకోలేదు.

"ముసలాయన గేటు పట్టుకొని ఊగినాడేమో అడుగుపో" అన్నాడు. "అతుకు సంగతి నీకేం తెలుస్తాదమ్మా. సుమ్నే గమ్మున పోయి రవికలు కుట్టుకో."

టీ అంగడి దగ్గర నవ్వారు. అందరూ కాదు, కానీ నవ్విన వాళ్ల మొహాలు నాకిప్పటికీ గుర్తున్నాయి. కీలు మళ్లీ కొంగులో చుట్టుకుని ఇంటికొచ్చాను. ఆ రోజు అన్నం తినలేదు. పోలీసు దగ్గరికి పోదామని మా ఆయన ఫోన్లో అన్నాడు. వద్దన్నాను. పోలీసు ఆ గేటు చేసినాయన్ని కూర్చోబెట్టి ఓ మాట అని పంపేస్తాడు. నాకు కావాల్సింది అది కాదు. అతుకు సంగతి నాకు తెలియదన్నాడు కదా, తెలుసుకుని, ఆయన ముందు నిలబడాలి.

మా తమ్ముడు తోరణగల్లు ఉక్కు ఫ్యాక్టరీలో కాంట్రాక్టు కింద వెల్డింగు పని చేస్తాడు. వారపు సెలవుకి వచ్చినప్పుడు నాకొక వెల్డింగ్ మిషన్ కావాలని చెప్పాను. ఎందుకని అడగలేదు వాడు. మామ కాలు చూసి వచ్చాడు కాబట్టి అడగక్కర్లేదు. ఒకటే అన్నాడు, ముందు మీ ఇంట్లో కరెంటు ఎంతుందో తెలుసుకో అని. తన మీటరు నా దగ్గర వదిలి, ప్లగ్గులో ఎట్లా పెట్టి చూడాలో నేర్పించి పోయాడు. వారం రోజులు నేను రవికల కొలతలు రాసుకునే పుస్తకం వెనక పేజీలో పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం అంకెలు రాశాను. పొద్దున బాగానే ఉండేది. పొలాల్లో మోటార్లు ఆడే వేళకు నూటఎనభై వోల్టులకు పడిపోయేది.

ఫ్రిజ్ కొందామని మా ఆయన పక్కన పెట్టిన డబ్బు తీసుకుని మరుసటి వారం తమ్ముడితో బళ్లారి పోయాను. మొదటి అంగట్లోనే నా కన్ను ఒకదాని మీద పడింది. చక్రాల మీద నిలబడే పెద్ద పాతకాలపు రకం, లోపలంతా రాగి చుట్ట, పక్కన తిప్పే పెద్ద చక్రం. మెయిన్ రోడ్డు షాపులో ఉన్నదానికంటే అది పెద్దది. దాన్ని మా వాకిట్లో పెడితే ఎట్లా ఉంటుందో అప్పుడే ఊహించుకున్నాను. ట్రాలీలోంచి నలుగురు దించుతుండగా ఊరంతా చూడాలి, ఆయనకు కబురు అందాలి.

"ఇదే కావాల" అన్నాను.

తమ్ముడు నన్ను పక్కకు తీసుకుపోయాడు. "అక్కా, ఇది మీ ఇంటి కరెంటుకు లేవదు. వీధి మొత్తం దీపాలు ఆరిపోతాయి. ఆయప్ప మీద కోపంతో కొంటాండావా, పని చేసేదానికి కొంటాండావా?"

రెంటికీ అన్నాను. రెండూ కావాలంటే పని చేసేదే కొను, పని చేయని మిషన్ను చూసి ఆయన ఇంకా నవ్వుతాడు అన్నాడు. ఆ మాటకు నేను ఆ పెద్ద మిషన్ను వదిలేశాను.

గ్యాసు సిలిండరుతో తీగ దానంతటదే వచ్చే మిషన్లు కూడా చూశాం. అతుకు నున్నగా వస్తుంది, నేర్చుకోవడం తేలిక. కానీ నేను పని చేసేది రేకుల పంచ కింద, గాలిలో. గాలి గ్యాసును ఎగరగొడితే అతుకు జల్లెడ అవుతుంది. పైగా నా చేతికొచ్చేవి తుప్పు పట్టిన గేట్లు. అందుకని రాడ్డుతో వేసే ఇన్వర్టర్ మిషనే సరైనదని తేలింది. భుజానికి తగిలించుకుని పోయేంత బరువే ఉంటుంది.

రెండో అంగడికి పోయాం. అక్కడాయన మా తమ్ముడితోనే మాట్లాడుతున్నాడు. వాడు మిషన్ అక్కకు అనగానే నవ్వి, లోపలినుంచి చిన్న ఎర్రది తెచ్చాడు. పైన పెద్ద అక్షరాలతో రెండువందల యాభై ఆంప్స్ అని రాసి ఉంది. ఆడవాళ్లు ఇంట్లో సరదాకు చేసుకునేదానికి ఇది చాలు అన్నాడు. నేను దాన్ని వెనక్కి తిప్పి అడుగున అతికించిన చిన్న పట్టీ చదివాను. పైన రాసినదానికీ అక్కడ ఉన్నదానికీ చాలా తేడా ఉంది. పది నిమిషాల్లో మూడు నిమిషాలు కాలిస్తే మిగతా ఏడు నిమిషాలు చల్లారబెట్టాలని కూడా ఉంది.

"మా ఇంట్లో మధ్యాహ్నం కరెంటు నూటఎనభైకి పడిపోతాది. ఆ కరెంటుకు ఇది రాడ్డు ముట్టిస్తాదా?" అని అడిగాను. ఆయన నవ్వు ఆగింది. ముట్టించదు అని ఒప్పుకున్నాడు. అయితే ముట్టించేది చూపించప్పా అన్నాను. తక్కువ కరెంటుకూ తట్టుకునే ఇంకొక మిషన్ తెచ్చాడు, పది నిమిషాల్లో ఆరు నిమిషాలు ఆగకుండా నడిచేది. అంగడి వెనక ఒక పాత ఇనుప యాంగిల్ ముక్క మీద తమ్ముడు రాడ్డు గీసి చూశాడు, నన్నూ గీయమన్నాడు. నా రాడ్డు అతుక్కుపోయింది. ఎవరూ నవ్వలేదు. కేబుల్ ఒక చోట కోయించి లోపల ఉన్నది రాగే అని చూసుకున్నాకే తీసుకున్నాం. దాంతోపాటు మంట వెలగగానే దానంతటదే నల్లబడే అద్దం ఉన్న టోపీ కూడా కొనిపించాడు తమ్ముడు. మిషన్లో రవంత తగ్గినా ఫరవాలేదు, కండ్ల దగ్గర తగ్గొద్దన్నాడు.

మొదటి రోజే నిప్పురవ్వ నా నైలాన్ చీరకు చిల్లు పెట్టింది. మరునాటి నుంచి మా ఆయన పాత జీన్స్ ప్యాంటూ, నూలు చొక్కా వేసుకున్నాను. ఇంకో రెండు ప్యాంట్లు చింపి మెడ నుంచి మోకాలి దాకా వచ్చే అడ్డుబట్ట కుట్టుకున్నాను. పొద్దున వంటయ్యాక రెండు గంటలు ఇనుము, తర్వాత రవికలు. రెండు ముక్కలు అతకడం, పైన గట్టిపడిన నల్లటి పెచ్చు కొట్టడం, సుత్తితో ఆ అతుకును విరగ్గొట్టడం. విరిగితే మళ్లీ మొదలు. సుత్తి ఎత్తిన ప్రతిసారీ ఆ షాపాయన మొహమే కనపడేది నాకు. ఆ మొహం లేకపోతే పదిహేను రోజులకే మానేసి ఉండేదాన్ని. మామ మంచం మీంచి చూస్తుండేవాడు. మూడో నెలలో అతుకు విరగలేదు, పక్కన ఇనుము వంగింది. తమ్ముడొచ్చి మా గేటు ఎత్తి పట్టుకుంటే కీళ్లన్నీ నేనే వేశాను. వాడు రెక్క మీదకెక్కి నిలబడి ఎగిరాడు. గేటు కదల్లేదు.

అప్పుడు మొదలుపెట్టాను అసలు పని.

చేతిలో సుత్తి పట్టుకుని మా వీధిలో, పక్క వీధిలో ఇంటింటికీ పోయాను. ఆయన చేసిన గేటున్న ప్రతి ఇంట్లో, మా మామ కాలు చూశారు కదా, మీ కీళ్లు ఒకసారి చూస్తానన్నాను. వద్దన్నవాళ్లు లేరు. ఎదురింటి అవ్వ గేటుకు సుత్తి తగిలించగానే లప్పం బిళ్లగా ఊడి ఆమె కాళ్ల దగ్గర పడింది. రెండు వీధుల్లో ఏడు గేట్లు అట్లాంటివి తేలాయి. ఏడింటికీ ఊరికే అతుకు వేసిస్తానన్నాను. ఒక్కటే షరతు పెట్టాను. గేటును విప్పి ట్రాలీ ఆటోలో మా ఇంటికి తేవాలి, అదీ మెయిన్ రోడ్డు మీదుగా, పట్టపగలు, ఆయన షాపు ముందు నుంచి.

ఆ దారి చుట్టు. అయినా తెచ్చారు. ఒక్కో గేటుకు ఒక్కో రోజు పెట్టాను, ఒకేసారి తెస్తే ఒక్కసారే చూస్తాడని. నేను ఆటోలో ముందు కూర్చునేదాన్ని. టీ అంగడి దగ్గర ఆపమని చెప్పి, ఏదో కొనేదానిలా దిగి, మెల్లగా ఎక్కేదాన్ని. మొదటి గేటుకు అక్కడ నిలబడినవాళ్లకు అర్థం కాలేదు. మూడో గేటుకు ఎవరో ఆయన్ని పిలిచి చూపించారు. ఐదో గేటుకు ఆయన షాపులోంచి బయటికి రాలేదు.

ఆరో గేటు పని ముగిసిన సాయంత్రం ఆయనే మా ఇంటికొచ్చాడు. వాకిట్లో నిలబడి గేటు గొళ్లెం కోసం తడుముకున్నాడు. నేను తీయలేదు. మామ కర్ర పట్టుకుని లేచి పోయి తీశాడు, ఆయన్ని కూర్చోమన్నాడు.

ఆయన తల వంచుకుని చెప్పాడు. ముప్పై ఏళ్లు నల్లద్దం ఒకటి చేత్తో పట్టుకుని, సగంసార్లు అదీ లేకుండా పని చేశాడట. నాలుగేళ్లుగా చూపు మసకట. అతుకు ఎక్కడ పడుతుందో సరిగా ఆనదట. "ఈ సంగతి చెప్తే ఎవురు పని ఇస్తారమ్మా" అన్నాడు. "నువ్వింక ఆపు. నా అంగడి మూసుకుపోతాది."

నా గొంతు నేననుకున్నంత పెద్దగా లేవలేదు. "కండ్లు ఆనకపోతే అతుకు తప్పు పడిందనుకుంటా. లప్పం నున్నగా పూసేదానికి ఆనినాయి కదప్పా."

మామ నన్ను టీ పెట్టమన్నాడు. పెట్టాను, కానీ వచ్చినాయన గ్లాసు చేతికివ్వలేదు, అరుగు మీద పెట్టాను. మామ ఆయన్ని కంటి ఆసుపత్రికి పొమ్మనీ, తనకు తెలిసిన కాంపౌండరు ఉన్నాడనీ చెబుతుంటే విని, నాకు మామ మీదే ఒళ్లు మండింది. ఆయన పోయాక మామ అన్నాడు, "నా కాలి పేరు చెప్పి ఇంకెన్ని గేట్లు మోపిస్తావమ్మా? సాలు ఇంక."

ఒక్కటే మిగిలింది అన్నాను. మరునాడు ఏడో గేటు కూడా మెయిన్ రోడ్డు మీదుగానే తెప్పించాను. ఆయన షట్టరు సగం దించి ఉంది. దాని కింద ఆయన కాళ్లు కనపడ్డాయి. ఆ రోజు నాకు సంతోషమే కలిగింది, అబద్ధం చెప్పను. మామ రెండు రోజులు నాతో సరిగా మాట్లాడలేదు. అప్పుడూ తప్పు చేశాననిపించలేదు.

ఉగాది దాటాక ఆయన షాపు మూసేసి సిరుగుప్పలో కూతురింటికి పోయాడు. ఇప్పుడు ఊళ్లో గేట్లు నా దగ్గరికే వస్తాయి, ట్రాక్టరు ట్రాలీల తలుపులూ వస్తాయి. నవ్విన వాళ్లలో ఇద్దరు కూడా తెచ్చారు. వాళ్లను కావాలనే నాలుగు సార్లు తిప్పించాను.

పోయిన వానాకాలం నా అతుకుల్లో సన్నటి చిల్లులు పడసాగాయి. మిషన్ తిప్పి చూశాను, కరెంటు పెంచి తగ్గించి చూశాను. తమ్ముడికి ఆ నెల సెలవు దొరకలేదు. ఏదో పని మీద సిరుగుప్ప పోయి, అంగడాయనకు చిల్లుల సంగతి చెప్పి రాడ్లు కొంటుంటే, పక్కనున్న చిల్లరంగడి ముందు నల్ల కళ్లద్దాలతో ఆయన కూర్చుని ఉన్నాడు. కంటి ఆపరేషన్ అయిందట. నా గొంతు గుర్తుపట్టాడో, మనిషినే గుర్తుపట్టాడో తెలియదు.

"వానలప్పుడు రాడ్డు చెమ్మ పట్టుంటాది" అన్నాడు, ఎటో చూస్తూ. "రెండు దినాలు ఎండలో బెట్టి, డబ్బాలో మూతేసి పెట్టుకో. లేకుంటే అతుకులో బుడగలొస్తాయి."

నేను సరే అనలేదు. కట్ట తీసుకుని బస్సెక్కాను. ఇంటికొచ్చాక రెండు రోజులు ఆ రాడ్లను ముట్టుకోలేదు. మూడో రోజు ఎండ కాస్తే, మామ చూడకుండా మేడ మీద పరిచాను. చిల్లులు ఆగిపోయాయి. ఆయన చెప్పింది నిజమని తేలడం నాకింకా కోపంగానే ఉంది.