కొంగు చాపిన పెద్దమ్మ

మట్టెవాడలో మా పెద్దమ్మ, గడప దాటే ప్రతివారికీ "పైలం బిడ్డా" అని జాగ్రత్త చెప్పేది. పాలవాడికైనా, పోస్టుమాన్‌కైనా అదే మాట. తల్లి పోయాక తన తమ్ముణ్ని, అంటే మా చిన్నమామను, పెంచింది ఆమే. అతను మిలిటరీలో చేరి, విమానంలోంచి దూకే పనికి కుదిరాడు.

అరవైల్లో ఒక చలికాలం ఉదయం ఊరి బయటి విమానాల మైదానంలో మామ దళం వాళ్లు దూకి చూపిస్తారంటే అందరం వెళ్లాం. పైన ఒక్కొక్కరే దూకగా, తెల్లని పారాచూట్లు విచ్చుకుంటుంటే జనం చప్పట్లు కొట్టారు. పెద్దమ్మ మాత్రం రెండు చేతులతో కొంగు చాపి నిలబడింది. తమ్ముడెవరో పోల్చుకోలేక, దూకిన ప్రతివాడికీ "పైలం బిడ్డా, పైలం" అంటూనే ఉంది.

ఒకతన్ని గాలి పక్కనున్న జొన్నచేనులోకి నెట్టింది. అందరికంటే ముందు పెద్దమ్మే పరుగెత్తింది. చూస్తే అతను మామ కాదు, ఎవరో పంజాబీ కుర్రవాడు. చీలమండ బెణికింది. ఆమె అక్కడే కూర్చుని అతని కాలు ఒళ్లో పెట్టుకుంది. కొంగు చింపి కట్టు కట్టసాగింది.

అంతలో మామ రొప్పుతూ వచ్చాడు.

"అక్కా, నేను దుంకింది చూసినవా?"

"లేదురా," అంది తల ఎత్తకుండానే. "జర ఆగు, ఈ పిల్లగాని కాలు వాసింది."

మామ ముఖం చిన్నబోయింది. అయినా ఆమె పక్కనే మోకాళ్ల మీద కూర్చుని కట్టు రెండో కొస పట్టుకున్నాడు. అప్పుడు చూసింది పెద్దమ్మ తమ్ముడి ముఖం. ముడి వేస్తూనే భోరున ఏడ్చింది.